పాత ఇంటి పక్కన ఎత్తులో కొత్త గది: రెవిట్‌లో మోడల్ చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయేసరికి, ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లు మన ఊళ్లలో ఇప్పుడు రోడ్డుకు సమానంగానో, పల్లంలోనో ఉన్నాయి. అలాంటి ఇంటికి ఒక గది కలపాలంటే దాన్ని పాత నేల మట్టానికే కట్టాలని ఎవరూ అనుకోరు. రెండడుగులు లేపి కడదామంటారు. మాట తేలికే. కానీ ఆ రెండడుగులు తలుపు దగ్గర, మెట్ల దగ్గర, స్లాబు దగ్గర, పాత గోడ దగ్గర వేర్వేరు చిక్కులు తెస్తాయి. సివిల్, ఆర్కిటెక్చర్ విద్యార్థులు, సొంతింటి బొమ్మ సొంతంగా గీసుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అవే సందేహాలు పంపుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. రెవిట్ అంటే ఇంటిని కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా చేసి, దాని నుంచే ప్లాన్లు, కొలతలు తీసుకునే ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్.

లెక్కలకు ఒకే ఉదాహరణ తీసుకున్నాను: పాత ఇంటి నేల సున్నా, కొత్త గది నేల దానికి 600 మిల్లీమీటర్లు, అంటే సుమారు రెండడుగులు ఎత్తు. మీ ఇంటి అంకెలు వేరైతే అవే వేసుకోండి.

## మొదలుపెట్టే ముందు

ఒక్క గదికి ఇంత సాఫ్ట్‌వేర్ అవసరమా? మా మేస్త్రీ నోటి లెక్కతోనే కట్టేస్తానంటున్నాడు.

పాత ఇంటి మట్టానికే గది కలిపేట్టయితే మేస్త్రీ అనుభవం చాలు. ఎత్తు మారినప్పుడు మాత్రం చిక్కంతా నిలువు కోతలో ఉంటుంది. కాగితం మీద ప్లాన్ ఎంత చక్కగా ఉన్నా, తలుపు పైభాగం పాత బీముకు తగులుతుందో లేదో అందులో కనిపించదు. గోడ పగలగొట్టాక ఆ సంగతి తెలిస్తే మళ్లీ పూడ్చడానికి డబ్బు, రోజులు రెండూ పోతాయి. మోడల్ చేస్తే ఒక్క సెక్షన్ (నిలువు కోత) గీత గీసి ముందే చూసుకోవచ్చు. నన్నడిగితే, ఈ పనికి త్రీడీ బొమ్మ అందం కంటే ఆ ఒక్క సెక్షనే విలువైనది.

రెవిట్ కొనే స్తోమత లేదు. స్కెచప్‌లోనో, ఉచితంగా దొరికే వాటిలోనో కుదరదా?

కుదురుతుంది. విద్యార్థులైతే ఆటోడెస్క్ ఎడ్యుకేషన్ లైసెన్సుతో రెవిట్ ఉచితంగానే వాడుకోవచ్చు. అయితే అది విండోస్ మీదే నడుస్తుంది. ఇల్లు ఎలా ఉంటుందో చూసుకుంటే చాలనుకునేవాళ్లకు స్వీట్ హోమ్ త్రీడీ సరిపోతుంది. అందులో లెవెల్‌కు ఎంత ఎత్తు కావాలంటే అంత ఇవ్వొచ్చు కాబట్టి, కొత్త గదిని 600 ఎత్తులో వేరే లెవెల్‌గా పెట్టండి. బ్రౌజర్‌లో నడిచే స్కెచప్‌లో పాత ఇంటిని ఒక గ్రూపుగా, కొత్త గదిని ఇంకో గ్రూపుగా చేసుకుంటే కొత్తదాన్ని పైకీ కిందకీ జరిపి చూడటం తేలిక. పరిమాణాలు, షెడ్యూళ్లు (లెక్కల పట్టికలు) కూడా కావాలి, ఖర్చు మాత్రం పెట్టలేమంటే ఫ్రీక్యాడ్ ఉంది. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌తో భవనాలు గీసే బిమ్ వర్క్‌బెంచ్ అందులోనే కలిసిపోయింది.

పాత ఇంట్లో ఏయే కొలతలు తీసుకోవాలి?

గది పొడవు, వెడల్పులు అందరూ తీసుకుంటారు. మరిచిపోయేవి నిలువు కొలతలు. కొత్త గది ఆనే గోడ దగ్గర నిలబడి నేల నుంచి కిటికీ దిమ్మె దాకా, లింటెల్ (కిటికీ, గుమ్మాల పైన ఉండే అడ్డ దూలం) కింది అంచు దాకా, బీము ఉంటే దాని కింది అంచు దాకా, స్లాబు అడుగు దాకా నాలుగు కొలతలు రాసుకోండి. బయటికి వచ్చి అదే గోడకు సన్‌షేడ్ ఎంత ఎత్తులో ఉంది, ఎంత ముందుకు వచ్చింది చూడండి. కొత్త గోడకు అడ్డం వచ్చేది ఎక్కువగా ఆ సన్‌షేడే. గోడ మందం తలుపు చట్రం దగ్గర కొలవండి. అక్కడ పూతతో కలిపి అసలు మందం తెలుస్తుంది. తొమ్మిదంగుళాల గోడ అని 230 వేసేసుకుంటారు గానీ రెండువైపులా పూతతో అది 255, 260 దాకా వెళ్తుంది.

డాబా ఎక్కి పిట్టగోడ ఎత్తు, వాన నీటి తూములు ఏ పక్కకు ఉన్నాయో కూడా రాసుకోండి.

లేజర్ మీటర్ లేదు. రోడ్డుకూ ఇంటి నేలకూ తేడా ఎలా తెలుసుకోవాలి?

మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ పైపు చాలు. పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపండి. ఒక కొస పాత ఇంటి గోడకు ఆనించి, నేల నుంచి సరిగ్గా 1000 మిల్లీమీటర్ల దగ్గర గీత పెట్టి, నీటి మట్టం ఆ గీత మీద నిలిచేలా పట్టుకోవాలి. రెండో కొస రోడ్డు మధ్యలో నిలబెట్టిన కర్ర పక్కన పెడితే నీరు ఏ ఎత్తులో ఆగుతుందో కొలవండి. రోడ్డు దగ్గర 850 వచ్చిందంటే రోడ్డు మీ నేల కంటే 150 ఎత్తులో ఉందన్నమాట. 1150 వస్తే 150 పల్లంలో ఉంది. ఇలాగే పెరటి నేల, పక్కింటి ప్రహరీ, మురుగు కాలువ అడుగు కూడా చూడండి. కాలువ అడుగు కొలత లేకుండా కొత్త గదికి బాత్‌రూమ్ కలపొద్దు.

కొత్త గది ఎంత ఎత్తులో ఉండాలో ఎలా తేల్చుకోవాలి?

జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 ప్రకారం చుట్టూ ఉన్న నేల కంటే బేస్‌మెంట్ (ఇంటి నేల మట్టం) కనీసం 450 మిల్లీమీటర్లు ఎత్తు ఉండాలి. అది కనీసం మాత్రమే. వర్షాకాలంలో మీ వీధిలో నీళ్లు ఎంతవరకు నిలిచాయో పాత గోడ మీద మరక ఉంటుంది, ఆ మరక ఎత్తు కొలవండి. రోడ్డు మీద ఇంకో పొర పడే అవకాశాన్నీ కలుపుకోండి. ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే దానికి పైన నిలవాలి. అలాగని భయంతో నాలుగడుగులు లేపొద్దు. పెంచే ప్రతి అంగుళానికీ మెట్లు పెరుగుతాయి, నింపే మట్టి పెరుగుతుంది, పాత ఇంటితో రాకపోకలు కష్టమవుతాయి.

## లెవెల్స్, ఫేజులు

సున్నా ఎక్కడ పెట్టాలి? రోడ్డు దగ్గరా, పాత ఇంటి నేల దగ్గరా?

పాత ఇంటి నేల దగ్గర. రోడ్డు మారుతుంది, పెరటి మట్టం మారుతుంది, పాత నేల మాత్రం మారదు. పైగా మీరు లోపల తీసుకున్న నిలువు కొలతలన్నీ ఆ నేల నుంచే ఉన్నాయి కాబట్టి కూడికల్లో, తీసివేతల్లో తప్పులు రావు. ఏదైనా ఎలివేషన్ వ్యూ (ఇంటిని ఎదురుగా చూపే బొమ్మ) తెరిచి కీబోర్డు మీద ఎల్ ఎల్ కొట్టి లెవెల్స్ (ఎత్తు గీతలు) గీయండి: రోడ్డు, పెరడు, పాత నేల 0, కొత్త నేల 600, పాత స్లాబు పైభాగం, కొత్త స్లాబు పైభాగం. పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. లెవెల్ 1, లెవెల్ 2 అని వదిలేస్తే వారం తర్వాత ఏది ఏదో మీకే గుర్తుండదు.

కొత్త గదికి వేరే లెవెల్ పెట్టాలా? గోడలకూ ఫ్లోర్‌కూ 600 ఆఫ్‌సెట్ (లెవెల్ నుంచి ఎత్తు తేడా) ఇస్తే సరిపోదా?

బొమ్మ రెండింటిలోనూ ఒకేలా వస్తుంది. కానీ ఇంట్లోవాళ్లు ఎత్తు విషయంలో ఒకసారికి తేల్చరు. రెండడుగులన్నవాళ్లు ఒకటిన్నర చాలంటారు, మళ్లీ రెండే ఉండనీ అంటారు. ఆఫ్‌సెట్‌తో చేస్తే ప్రతిసారీ నాలుగు గోడలు, ఫ్లోర్, తలుపు, మెట్లు ఒక్కొక్కటీ పట్టుకుని మార్చాలి. ఒకటి మరిచినా సెక్షన్ తప్పుతుంది. వేరే లెవెల్ పెట్టి అన్నింటి బేస్ కన్‌స్ట్రెయింట్ (అడుగు ఏ లెవెల్ మీద నిలవాలో చెప్పేది) దానికే కడితే ఎలివేషన్‌లో 600 చెరిపి 450 అని రాయగానే గది మొత్తం దిగుతుంది. ఎత్తులో కట్టే గది మోడల్‌లో నేను పట్టుబట్టే సంగతి ఇదొక్కటే. ఎత్తు తేడా ఒకే ఒక్క చోట అంకెగా ఉండాలి, మిగతావన్నీ దాన్ని అనుసరించాలి.

ఆఫ్‌సెట్‌కూ పని ఉంది. బాత్‌రూమ్ నేల గది నేల కంటే కాస్త దించాలంటే లెవెల్ అక్కర్లేదు, హైట్ ఆఫ్‌సెట్ దగ్గర మైనస్ వేస్తే చాలు.

లెవెల్ గీశాను గానీ ప్రాజెక్ట్ బ్రౌజర్‌లో దానికి ప్లాన్ రాలేదు.

ఉన్న లెవెల్‌ను కాపీ చేసి ఉంటారు. కాపీ చేసిన లెవెల్‌కు ప్లాన్ తనంతట తాను రాదు, దాని తల గుర్తు నల్లగా ఉంటుంది. వ్యూ ట్యాబ్‌లో ప్లాన్ వ్యూస్, ఫ్లోర్ ప్లాన్ నొక్కి ఆ లెవెల్‌ను ఎంచుకోండి. రోడ్డు, పెరడు వంటి లెవెల్స్‌కు ప్లాన్ లేకపోవడమే మంచిది.

పాత గోడలూ కొత్త గోడలూ కలిసిపోయి కనిపిస్తున్నాయి. ఏది పాతదో ఎలా చూపించాలి?

రెవిట్‌లో ఎగ్జిస్టింగ్, న్యూ కన్‌స్ట్రక్షన్ అని రెండు ఫేజులు (దశలు) మొదటి నుంచే ఉంటాయి. పాత ఇల్లంతా గీశాక మొత్తం ఎంచుకుని ఫేజ్ క్రియేటెడ్ దగ్గర ఎగ్జిస్టింగ్ పెట్టండి. తర్వాత గీసేది ఆ వ్యూ ఏ ఫేజులో ఉందో దానికే చేరుతుంది. గోడలో పగలగొట్టే కిటికీని డిలీట్ చేయొద్దు. డిమాలిష్ సుత్తి గుర్తుతో కొట్టండి. అప్పుడు పాత ప్లాన్‌లో కిటికీ అలాగే ఉంటుంది, కొత్త ప్లాన్‌లో పోతుంది, ఆ ఖాళీని రెవిట్ గోడతో పూడ్చేస్తుంది. వ్యూకు ఫేజ్ ఫిల్టర్ మార్చుకుంటూ పోతే ఉన్నది, తీసేది, కట్టేది అని మూడు ప్లాన్లు ఒకే మోడల్ నుంచి వస్తాయి. మేస్త్రీకి తీసేది వేరుగా చూపించకపోతే ఏ గోడ మీద సుత్తి పడుతుందో చెప్పలేం.

న్యూ కన్‌స్ట్రక్షన్ ఫేజుకు మార్చగానే పాత గదుల పేర్లన్నీ మాయమయ్యాయి. ఫైలు పాడైందా?

ఏమీ పాడవలేదు. రూమ్ అనేది ఏ ఫేజులో పెడితే ఆ ఫేజుకే చెందుతుంది. కొత్త ఫేజు ప్లాన్‌లో వంటిల్లు, హాలు అని రూములు మళ్లీ పెట్టుకోవాలి.

## గోడలు, నేల, పునాది

కొత్త గదికి కిటికీలు పెట్టాను. త్రీడీలో ఉన్నాయి, ప్లాన్‌లో మాత్రం లేవు. ఎందుకు?

అందరూ పంపే ప్రశ్న ఇదే. ఫ్లోర్ ప్లాన్ అంటే ఇంటిని ఒక ఎత్తులో అడ్డంగా కోసి పైనుంచి చూడటం. మెట్రిక్ టెంప్లేట్‌లో ఆ కోత లెవెల్ నుంచి 1200 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పాత నేల సున్నా కాబట్టి కోత 1200 దగ్గర పడుతుంది. మీ కొత్త గది నేల 600 దగ్గర ఉంది, కిటికీ దిమ్మె దానిపైన 900, అంటే 1500 దగ్గర మొదలవుతుంది. కోత కిటికీ కింద నుంచే వెళ్లిపోతోంది కాబట్టి ప్లాన్‌లో ఉత్త గోడే కనిపిస్తుంది.

ప్లాన్ మొత్తానికి వ్యూ రేంజ్‌లో (కోత ఎత్తులు ఇచ్చే సెట్టింగులో) కోతను 1800కి పెంచితే కొత్త కిటికీలు వస్తాయి గానీ, పాత ఇంట్లో అంతకంటే కింద ముగిసే కిటికీలు, గూళ్లు పోతాయి. సరైన మందు ప్లాన్ రీజియన్. వ్యూ ట్యాబ్, ప్లాన్ వ్యూస్, ప్లాన్ రీజియన్ నొక్కి కొత్త గది చుట్టూ గోడలు కలుపుకుని మూసిన గీత గీయండి. దాని ప్రాపర్టీస్‌లో వ్యూ రేంజ్ తెరిచి టాప్ 2900, కట్ 1800, బాటమ్ 600, వ్యూ డెప్త్ 600 ఇవ్వండి. ఆ గదికి మాత్రమే కోత పైకి వెళ్తుంది, పాత ఇల్లు మామూలుగానే ఉంటుంది. రెండు రీజియన్లు పెడితే ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు, అంచులు తగలొచ్చు. ప్రింటుకు ముందు వి వి కొట్టి ఎనొటేషన్ క్యాటగిరీస్‌లో ప్లాన్ రీజియన్స్ టిక్కు తీసేయండి, లేకపోతే ఆ గీత కాగితం మీదికొస్తుంది.

పాత గోడనే కొత్త గదికి నాలుగో గోడగా వాడుకుంటే ఒక గోడ ఖర్చు మిగులుతుంది కదా?

ఒకే మట్టంలో కట్టేట్టయితే చాలామంది అలాగే చేస్తారు. ఎత్తులో కట్టేటప్పుడు మాత్రం వద్దంటాను. సెక్షన్ కోసి చూడండి. కొత్త నేల కింద మట్టి నింపుతారు. ఆ మట్టి పాత గోడకు బయటివైపు ఆనుతుంది. గోడకు అటుపక్క మీ పాత గది నేల రెండడుగుల కింద ఉంది. అంటే తడిమట్టి ఒక పక్క, హాల్లో సోఫా వేసుకునే గోడ ఇంకో పక్క. ఆ గోడను పైకప్పు మోయడానికి కట్టారు గానీ మట్టి తోపును ఆపడానికి కట్టలేదు. తేమను అడ్డుకునే పొర ఏదైనా ఉన్నా అది పాత బేస్‌మెంట్ మట్టంలో ఉంటుంది, కొత్త మట్టి దానికి పైన నిలుస్తుంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి లోపలి సున్నం పొక్కులు లేస్తుంది.

పాత గోడకు అంగుళం సందు వదిలి కొత్త గదికి సొంత బేస్‌మెంట్ గోడ కట్టించండి. మోడల్‌లో ఆ సందు 25 మిల్లీమీటర్లు చూపించండి. జాగా లేక పాత గోడకే ఆనించక తప్పదంటే, మట్టి నింపకుండా ప్లింత్ బీముల (నేల మట్టంలో ఉండే దూలాల) మీద స్లాబు వేసి కింద బోలుగా వదిలే పద్ధతి ఉంది. దానికి స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క తప్పనిసరి.

సందు వదిలి గీస్తున్నా కొత్త గోడ వెళ్లి పాత గోడకు అతుక్కుపోతోంది.

గోడ కొసలు దగ్గరికి రాగానే రెవిట్ కలిపేస్తుంది. కొత్త గోడను ఎంచుకుని, దాని కొసన ఉండే నీలి చుక్క మీద రైట్ క్లిక్ చేసి డిసలౌ జాయిన్ నొక్కండి. తర్వాత కొసను వెనక్కి లాగి 25 కొలత పెట్టి తాళం గుర్తు వేయండి.

నేల కింద నింపే మట్టిని కూడా మోడల్‌లో పెట్టాలా?

పెడితే మంచిది, ఎత్తులో కట్టే గదికి ఖర్చులో అదొక పెద్ద భాగం. ఫ్లోర్ టైపును డూప్లికేట్ చేసి పొరలు ఇవ్వండి. పెరడు పాత నేలకు 150 కింద ఉందనుకుంటే కొత్త నేల నుంచి పెరటి దాకా 750. పైన టైల్స్, మాల్ కలిపి 50, కాంక్రీటు బెడ్ 100, మిగిలిన 600 మట్టి లేదా గ్రావెల్. గోడల లోపలి అంచుల దాకా గీయండి. గది లోపల 3.6 మీటర్లు, 4.2 మీటర్లు అయితే నింపుడు 9 ఘనపు మీటర్లు దాటుతుంది, సుమారు 320 ఘనపుటడుగులు. మెటీరియల్ టేకాఫ్ షెడ్యూలు ఈ లెక్క తనే ఇస్తుంది. ఇది దిమ్మిస కొట్టి నీళ్లు పెట్టి గట్టిపడ్డాక ఉండే పరిమాణం. వదులుగా వచ్చే మట్టి ఇంతకంటే ఎక్కువ తోలించాలి.

ఫ్లోర్ ముగించగానే గోడలను దీని అడుగుకు అతికించమంటారా అని రెవిట్ అడుగుతుంది. వద్దని చెప్పండి. అవునంటే పాత గోడలు కూడా తలలు తెగిపోయే ప్రమాదం ఉంది.

పునాది ఎంత లోతు గీయాలి?

మోడల్‌లో గీసే లోతు తాత్కాలికం. అసలు లోతు నేల చూసి ఇంజనీరు చెప్పాలి, ముఖ్యంగా నల్లరేగడి అయితే. అది తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే నేల. మీరు తెలుసుకోవాల్సింది పాత పునాది అడుగు ఎక్కడుందో. గోడ పక్కన చిన్న గుంట తవ్వించి చూసి, ఆ లోతును మోడల్‌లో పెట్టండి. కొత్త పునాది పాతదాని అడుగు కంటే కిందికి వెళ్తోందని సెక్షన్‌లో కనిపిస్తే గోడ పొడవునా ఒకేసారి తవ్వనివ్వొద్దు, పాత పునాది కింద మన్ను జారిపోతుంది. ఆ సెక్షన్ ఇంజనీరుకు చూపించాకే గునపం దించాలి.

## తలుపు, మెట్లు

పాత హాల్లో ఉన్న కిటికీ తీసేసి అక్కడే కొత్త గదికి గుమ్మం పెడదామనుకుంటున్నాం. మెట్లు హాల్లో రావాలా, కొత్త గదిలోనా?

గది నచ్చుతుందా లేదా అన్నది ఈ నిర్ణయం మీదే నిలుస్తుంది. రెండు సెక్షన్లూ కోసి పక్కపక్కన చూడండి.

మెట్లు హాల్లో పెడితే గడప 600 దగ్గర ఉంటుంది. ఏడడుగుల తలుపు అంటే దాని తల 2700 దగ్గరికి వెళ్తుంది. కానీ పాత కిటికీ లింటెల్ 2100 దగ్గర ఉంది. దాన్ని ఉంచితే గుమ్మం అయిదడుగులే, మనిషి వంగి వెళ్లాలి. కాబట్టి లింటెల్ పగలగొట్టాలి. ఇక పైన బీము సంగతి. స్లాబు అడుగు 3000 దగ్గర, స్లాబు మందం 120, బీము మొత్తం లోతు 450 అనుకుంటే బీము కింది అంచు 2670 దగ్గర ఉంటుంది. తలుపు తల 2700. ముప్పై మిల్లీమీటర్లు బీములోకి దూరుతోంది. బీమును చెక్కడం అన్న మాటే రాకూడదు కాబట్టి తలుపు పొట్టిది చేసుకోవాలి. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు నిలిచిన ఇల్లయితే లింటెల్ తీయడం అంతకంటే ప్రమాదం.

మెట్లు కొత్త గదిలో పెడితే గడప పాత నేల మట్టంలోనే ఉంటుంది. పాత లింటెల్ అలాగే ఉంటుంది, కిటికీ దిమ్మె కింది గోడ మాత్రం కోస్తే చాలు. దీనికి కట్టే మూల్యం కొత్త గదిలో కొంత జాగా. తలుపు ముందు 900 నిలబడే చోటు, 280 చొప్పున మూడు మెట్ల పలకలు 840. మొత్తం 1740 పొడవు, మీటరు వెడల్పు గది మూలలో పోతుంది. ఆ గుంతకు పక్కన చిన్న గోడ, పిల్లలు పడకుండా కటకటాలు రావాలి.

నా ఓటు రెండోదానికే. పాత ఇంటి బలంతో ఆటలాడకుండా పని జరుగుతుంది. గది మరీ చిన్నదై ఆ జాగా కూడా ఇవ్వలేకపోతే, లోపలి గుమ్మం ఆలోచన మాని వరండా వైపు నుంచి గదికి దారి పెట్టండి.

600 ఎత్తుకు ఎన్ని మెట్లు వస్తాయి?

150 చొప్పున నాలుగు ఎత్తులు, మధ్యలో మూడు పలకలు. నాలుగో అడుగు గది నేల మీదే పడుతుంది. స్టెయిర్ టూల్‌లో బేస్ లెవెల్ పాత నేల, టాప్ లెవెల్ కొత్త నేల పెట్టి రైజర్ల (మెట్టు ఎత్తుల) సంఖ్య 4 ఇవ్వండి. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 దాటకూడదని, పలక 250కి తగ్గకూడదని జాతీయ స్మృతి చెబుతుంది. లెక్కకు సరిపోతుంది కదా అని 200 చొప్పున మూడు మెట్లు పెట్టకండి.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లకు బదులు ర్యాంపు పెట్టొచ్చా?

ఒకటికి పన్నెండు వాలు చొప్పున 600 ఎక్కాలంటే 7200 పొడవు, అంటే దాదాపు 24 అడుగుల ర్యాంపు కావాలి. ఇంటి లోపల అది కుదరదు. బయట ప్రహరీ వెంట కుదరొచ్చు, అందుకే సైటు మొత్తం మోడల్‌లో ఉంటే మేలు. పొడవు తగ్గించాలని వాలు పెంచితే వాన రోజున అదే ప్రమాదం. ర్యాంపు టూల్ కంటే మామూలు ఫ్లోర్ గీసి స్లోప్ యారో పెట్టడం సులువు. జాగా లేకపోతే 120 చొప్పున అయిదు చిన్న మెట్లు, వెడల్పు పలకలు, రెండువైపులా పట్టుకోవడానికి కడ్డీ పెట్టండి. నొప్పి ఉన్న మోకాలికి మెట్ల సంఖ్య కంటే ఒక్కో మెట్టు ఎత్తే ఎక్కువ బాధ. ఆవిడ ఆ గదిలోనే పడుకోవాలంటే బాత్‌రూమ్ కూడా ఆ మట్టంలోనే ఉండేలా ప్లాన్ మార్చండి. రాత్రిపూట దిగాల్సిన పని ఉండదు.

## పైకప్పు

పాత స్లాబూ కొత్త స్లాబూ ఒకే మట్టంలో వస్తే డాబా మీద బాగుంటుంది. కుదురుతుందా?

పాత స్లాబు అడుగు 3000 దగ్గర, కొత్త నేల 600 దగ్గర ఉంటే గది లోపల ఎత్తు 2400 మిగులుతుంది. ఎనిమిదడుగులు కూడా లేదు. నివాస గదికి కనీసం 2750 ఉండాలని జాతీయ స్మృతి. ఫ్యాను కింద చెయ్యి ఎత్తడానికి భయపడే గది ఎవరికీ వద్దు.

మధ్యేమార్గం ఉంది. కొత్త గదికి పాత ఇంటిలాగా 3000 పట్టుబట్టకుండా 2750 ఇస్తే స్లాబు అడుగు 3350 దగ్గర వస్తుంది. 125 స్లాబుతో పైభాగం 3475. పాత స్లాబు పైభాగం 3120. తేడా 355, డాబా మీద రెండు మెట్లు. మున్ముందు పైన ఇల్లు వేసే ఆలోచన ఉంటే ఈ తేడా పై అంతస్తులోనూ ఉంటుందని ఇప్పుడే ఇంట్లో చెప్పండి.

కొత్త డాబా నీళ్లు పాత డాబా మీదికి వదిలేయొచ్చా?

వద్దు. పాత స్లాబు వాలూ తూములూ దాని మీద పడే వానకే లెక్కగట్టినవి. కొత్త స్లాబుకు సొంత గొట్టం పెట్టి నేరుగా కిందికి దించండి. మోడల్‌లో ఆ గొట్టం చూపించండి, లేకపోతే ప్లంబరు దగ్గర దారి చూసుకుని పాతదాంట్లోకే వదిలేస్తాడు. రెండు కట్టడాల మధ్య అంగుళం సందుపైన రేకు కప్పు గానీ, కొత్త గోడ నుంచి ముందుకు వచ్చే చిన్న కాంక్రీటు పలక గానీ ఉండాలి. ఆ చోటును పెద్ద స్కేలులో డీటెయిల్‌గా గీసి ఇవ్వండి.

మాది పెంకుటిల్లు. చూరు కిందికి ఉంది, గది ఎత్తులో ఉంది. ఎలా?

చూరు వైపు కాకుండా త్రికోణపు గోడ వైపు గది కలపగలిగితే చిక్కే లేదు. చూరు వైపే తప్పదంటే కొత్త గోడను చూరు అంచుకు దూరంగా జరిపి, మధ్యలో నీళ్లు పారే సందు వదలండి. చూరు కోసి గోడకు ఆనిస్తే పెంకుల మీది నీళ్లన్నీ ఆ గోడలోకే దిగుతాయి.

## డ్రాయింగులు, అనుమతి, ఇతర సందేహాలు

ఎత్తైన గది నైరుతిలోనే ఉండాలంటున్నారు. మోడల్‌లో దిక్కులు ఎలా పెట్టాలి?

వాస్తు చూసేవాళ్లు నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలంటారు. ఇంటి పెద్దలకు పట్టింపు ఉంటే అది మొదటి రోజే తెలుసుకోండి. గీసేటప్పుడు ఇంటిని తెరకు నిటారుగానే ఉంచి, మేనేజ్ ట్యాబ్‌లో పొజిషన్ కింద రొటేట్ ట్రూ నార్త్‌తో అసలు ఉత్తరం చూపించండి. గీసే వ్యూ ప్రాజెక్ట్ నార్త్‌లో, సైటు ప్లాన్ ట్రూ నార్త్‌లో ఉంటాయి. ఎండ నీడలు కూడా అప్పుడే నిజంగా పడతాయి. ఫోన్ దిక్సూచిని ఇనుప గేటు పక్కన పెట్టి చూడొద్దు.

మేస్త్రీకి ఏం ఇవ్వాలి?

కట్టే ప్లాన్, తీసే ప్లాన్, మెట్ల మీదుగా పాత హాలునూ కొత్త గదినీ కలిపి కోసిన సెక్షన్, పునాది ప్లాన్. ఎత్తులన్నీ పాత నేల నుంచే రాయండి. మన మేస్త్రీలు అడుగులు, అంగుళాల్లో ఆలోచిస్తారు కాబట్టి యు ఎన్ కొట్టి యూనిట్లు మార్చండి, లేదా డైమెన్షన్ టైపులో ఆల్టర్నేట్ యూనిట్స్ పెట్టి రెండూ చూపించండి. పని మొదలయ్యే రోజు పాత గోడ మీద రంగుతో కొత్త నేల గీత వేయించండి. కాగితం చిరిగినా ఆ గీత ఉంటుంది.

ఒక్క గదికి మున్సిపాలిటీ అనుమతి కావాలా?

ఉన్న ఇంటికి గది కలపడం కూడా నిర్మాణమే. సరిహద్దు నుంచి వదలాల్సిన ఖాళీ స్థలం నియమాలు దానికీ వర్తిస్తాయి. చాలా ఇళ్లలో గది కలపాలనుకునే చోటు ఆ వదిలిన ఖాళీయే. అందుకే గోడ గీసే ముందు ప్లాటు సరిహద్దు గీయండి. దరఖాస్తు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆన్‌లైన్‌లోనే. లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ ద్వారా వెళ్తే రెవిట్ నుంచి డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ ఫైలు) ఎక్స్‌పోర్టు చేసి ఇవ్వండి, వాళ్లకు కావాల్సిన లేయర్లలో వాళ్లు సర్దుకుంటారు.

నేను డల్లాస్‌లో ఉన్నాను, ఇల్లు తెనాలిలో. నాన్నకు రెవిట్ తెలీదు. మోడల్ ఎలా చూపించాలి?

ఆటోడెస్క్ వ్యూయర్‌లో ఫైలు ఎక్కించి లింకు పంపితే ఫోన్ బ్రౌజర్‌లోనే తిప్పి చూడొచ్చు. పెద్దవాళ్లకు అంతకంటే ఉపయోగపడేది హాల్లో నిలబడి కొత్త గుమ్మం వైపు చూస్తున్నట్టు మనిషి కంటి ఎత్తులో పెట్టిన కెమెరా వ్యూ, వాట్సాప్‌లో పంపేయొచ్చు. మెట్ల పక్కన ఒక మనిషి బొమ్మ కూడా పెట్టండి. ఊళ్లో ఇంజనీరు దగ్గర పాత వెర్షన్ రెవిట్ ఉంటే మీ కొత్త ఫైలు తెరుచుకోదు, అది ముందే కనుక్కుని అదే వెర్షన్‌లో మొదలుపెట్టండి.

గది ఎత్తులో కట్టే బదులు పాత ఇంటినే జాకీలతో లేపిద్దామంటున్నారు. ఆ మోడల్ ఎలా చేయాలి?

రెవిట్‌లో ఒక గోడ పాత ఫేజులో ఒక ఎత్తులో, కొత్త ఫేజులో ఇంకో ఎత్తులో ఉండలేదు. అందుకని ఫైలును వేరే పేరుతో సేవ్ చేసుకుని, రోడ్డు, పెరడు లెవెల్స్‌ను ఎంత లేపుతారో అంత కిందికి దించండి. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంటుంది, చుట్టూ నేల దిగుతుంది, ఫలితం ఒకటే. అప్పుడు కొత్త గది నేల సున్నాకు వచ్చేస్తుంది, లోపలి మెట్లు పోతాయి, స్లాబులు రెండూ కలుస్తాయి. వాటి స్థానంలో బయటి మెట్లు, డ్రైనేజీ గొట్టాలు, నీళ్ల కనెక్షన్, సెప్టిక్ ట్యాంకు కలయికలు మళ్లీ చేయాల్సి వస్తుంది. రెండు ఫైళ్ల నుంచీ ఒకే చోట కోసిన సెక్షన్లు ప్రింటు తీసి, లేపే ఖర్చు, కొత్త గది ఖర్చు పక్కన రాసి ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. లేపాలని తేలితే జాకీలు పెట్టేవాళ్లను పిలిచే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుతో పాత పునాదిని, గోడలను చూపించుకోండి.